వేలూరు చావడి కమాను

పరీధావి సంవత్సరం, ఆడి 5, శనివారం

పదహారో నాటి కర్మ నిన్నటితో అయిపోయింది. చుట్టాలు పొద్దున్నే బండ్లు కట్టించుకుని పోయారు. ఇల్లు ఊడ్చాను. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాను. నాడె చేతికి తీసుకున్నాను. ఒక్క పోగు కూడా వేయలేదు.

ఈ పుస్తకం నా కొడుకు తిరువేంగడానిది. మొన్న ఇంటికి వచ్చినప్పుడు మరిచిపోయి పోయాడు. ముందు పేజీల్లో వాడి కొలతలున్నాయి, గోడ ఇంత, కమాను ఇంత అని. వాడి రాత మీదికి నా రాత పోకూడదని వెనక నుంచి రాస్తున్నాను. మా నాయన చిత్తూరు పక్కవాడు, నాకు తెలుగు అక్షరాలు ఆయన నేర్పాడు. నేను నా కొడుక్కి నేర్పాను. గుడియాత్తంలో మా వీధి వీధంతా తెలుగే మాట్లాడుతుంది, చదివేది మాత్రం అరవం, నెలలు లెక్కపెట్టేదీ అరవ లెక్కే. ఇప్పుడు ఈ వీధిలో తెలుగు అక్షరం చదవగలిగిన మనిషి నేనొక్కదాన్నే. ఏం రాసుకున్నా అడిగేవాళ్ళు లేరు.

వాడికి ఇరవై రెండేళ్ళు. బట్టలు అమ్ముకోవడానికి పోయే మన నేతవాళ్ళు రాత్రి తలదాచుకునేందుకని వేలూరులో కులం చావడి కట్టిస్తున్నారు. దగ్గరుండి చూసుకోవడానికి కులపెద్ద జానకిరామన్ అన్న వీణ్ణి పెట్టాడు. పోయిన నెల, ఆని 20, బుధవారం పొద్దున చావడి ముందరి కమాను కూలింది. వాడు కింద ఉన్నాడు.

వీధిలో ఏమంటున్నారో నా చెవిన పడుతూనే ఉంది. అంతకు ముందు మూడు రోజులు వాడు చావడి దగ్గర లేడు, ఇక్కడ ఇంట్లో ఉన్నాడు. ఆ మూడు రోజుల్లోనే కమాను కింది ఊతకొయ్యలు తీసేశారు. నిలబడమన్న చోట నిలబడి ఉంటే కూలేదా అంటున్నారు.

వాడే వచ్చాడు. ఇంటి మీద మనసు పోయి వాడే వచ్చాడు.

ఆడి 6, ఆదివారం

ఇవాళ కూడా మగ్గంలో దిగలేదు.

ఆడి 9, బుధవారం

జానకిరామన్ అన్న వచ్చాడు. ఒక పడి బియ్యం, కందిపప్పు తెచ్చాడు. అరుగు మీద మా ఆయన అప్పాసామితో కూర్చుని మాట్లాడాడు, నేను తలుపు వెనక ఉన్నాను. ఈయనకు నడుము పట్టేసి ఇంకా విడవలేదు, గోడకు ఆనుకునే కూర్చున్నాడు.

ఆవణి అమావాస్య నాడు మగ్గాలు ఆపి కులం కూడుతుందట. చావడి కమాను ఎందుకు కూలిందో ఆ రోజు కులం పుస్తకంలో ఎక్కిస్తారట. అప్పాసామి కొడుకు తిరువేంగడం పెట్టిన చోట ఉండకుండా వెళ్ళిపోయినందువల్ల అని రాస్తారు. ఆ పుస్తకాన్ని ఏటేటా ఉగాది మరునాడు మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదువుతారు. మా మామగారి తాత పేరు అందులో ఉంది, అమ్మవారికి రథం చక్రాలు చేయించాడని. నేను పోయాక, ఈయన పోయాక, ఈ వీధిలో ఇంకా పుట్టని పిల్లలు కూడా నా కొడుకు పేరు వింటారు, అదీ ఇట్లా.

జానకిరామన్ అన్న మెత్తగానే చెప్పాడు. చెడ్డ మనిషి కాడు. ఈయన తల వంచుకుని విన్నాడు. చివరికి అన్నాడు:

"రాయండి అన్నా. నిలబడు అంటే నిలబడలేనోడు నాకు కొడుకు కాడు."

నేను తలుపు వెనకే ఉన్నాను. బియ్యం తీసి కుండలో పోశాను.

ఆడి 12, శనివారం

వేలూరు నుంచి వాడి పెట్టె వచ్చింది. మా చెల్లెలు పంకజం ఇంట్లో వాడు ఉండేవాడు, అదే సర్ది బట్టల బండిలో పంపింది. రెండు పంచెలు. దువ్వెన. గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఇనుప గుండు, దారంతో సహా. అడుగున ఒక పోస్టు కార్డు.

కార్డు ఈయన చేతికి చిక్కింది. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇది తెలుగు గదా. ఎవరు రాసినారు, చదువు."

చదివాను. మా అన్న కొడుకు చిత్తూరు నుంచి రాసినాడు, అందరూ క్షేమమా అని అడిగినాడు, అన్నాను. ఈయన తల ఊపి కార్డు నాకే ఇచ్చాడు. ఆ అక్షరాలు రాని మనిషిని ఎంత సులువుగా మోసం చేయవచ్చో నాకు అంతవరకు తెలియదు.

కార్డును ఈ పుస్తకంలో పెట్టాను. అందులో ఏముందో ఇక్కడ కూడా రాయను.

ఆడి 13, ఆదివారం

వాడే వచ్చాడు.

ఆడి 18, శుక్రవారం

ఆడి పద్దెనిమిది పండగని అందరూ ఏటికి పోయారు, కౌండిన్యలో నీళ్ళు వచ్చాయట. నేను పోలేదు. పక్కింటి కాంచన చిత్రాన్నం తెచ్చి పెట్టి, మాట మధ్యలో అడిగింది, ఆ వారం మన ఊళ్ళో కూత్తు నాటకం ఆడినారు గదా అక్కా, అది చూడనీకే వచ్చినాడా అని. అవునో కాదో చెప్పలేదు. నేను నోరు మూసుకున్న కొద్దీ వాడి మీద ఇంకొక కథ పుడుతోంది.

ఆడి 24, గురువారం

నిన్న పోయి ఇవాళ వచ్చాను. వాడు పోయిన చోట దీపం పెట్టాలి రా అక్కా అని పంకజం మనిషి చేత చెప్పించింది. ఈయన వద్దనలేదు, తాను రాననీ అనలేదు, నడుము చూపించాడు. కాట్పాడిలో రైలు దిగి జట్కాలో పాలారు ఏరు దాటాను. వాడు ఈ దారిలో ఎన్నిసార్లు పోయి ఉంటాడో అనుకున్నాను. నేను ఒక్కసారి కూడా పోయి చూడలేదు, వాడు చేసే పని ఏమిటని.

చావడికి గోడలు నిలిచే ఉన్నాయి. కమానుతో పాటు ముందరి పంచ మాత్రం లేదు. ఇటుకలు ఒక పక్క కుప్ప పోసి ఉన్నాయి. ఒక ఇటుక తీసి చూశాను. దానికి అంటుకున్న సున్నం వేలితో రాస్తే పిండిలా రాలింది. పైపొర గట్టిగా ఉంది, లోపల ఇంకా పచ్చి వాసన.

దీపం పెట్టాను. సున్నం మోసే ఆరోకియమేరి అని ఒక ఆమె నా కోసం కాచుకుని ఉంది. అరవంలో మాట్లాడింది. ఆ రోజు కమాను కింద సున్నం కలుపుతున్న ముగ్గురిలో ఆమె ఒకతె. ఆమె చెప్పినదంతా రాస్తున్నాను.

కమాను ఇటుకలు సున్నం పట్టి బిగుసుకునేదాకా కింద కొయ్య చట్రం ఒకటి మోస్తూ ఉంటుంది. దాన్నే ఊతం అంటారు. శనివారం తిరువేంగడం ఊరికి పోయే ముందు జానకిరామన్ అన్న అక్కడికి వచ్చి ఉన్నాడు. వీడు కార్డు తీసి చూపించాడు. అమ్మ రమ్మని రాసినాది, మూడు దినాలు పోయి వస్తాను, అందాకా ఇక్కడ ఎవురినైనా నిలబెట్టండి, ఊతం మాత్రం ముట్టుకోవద్దండి, అన్నాడు. పో నాయనా, నేనుండాను గదా, అన్నాడు జానకిరామన్ అన్న.

సోమవారం జానకిరామన్ అన్న ముహూర్తం పెట్టించుకుని వచ్చాడు. ఆడి నెల పుడితే శుభకార్యం చేయకూడదు, ఆని ఆఖరులోనే చావడి తెరవాలి. అప్పటికి సున్నం కొట్టి, తోరణం కట్టి, అంతా సిద్ధం కావాలి. ముందర ఈ కట్టెలన్నీ ఏమిటి, అన్నాడు. మేస్త్రి రాజమాణిక్యం, ఇంకా పది దినాలు ఉండాలయ్యా అన్నాడట. అప్పుడు జానకిరామన్ అన్న నవ్వి ఒక మాట అన్నాడట. ఆ మాట ఆరోకియమేరి తెలుగులోనే చెప్పింది, అంత బాగా గుర్తుంది ఆమెకు.

"కోసి దించిన గుడ్డకు ఇంకా మగ్గమెందుకప్పా?"

అందరూ నవ్వారట. మేస్త్రి కూడా. మంగళవారం మధ్యాహ్నం ఊతం తీశారు. కమాను నిలిచింది. నిలిచింది గదా అనుకున్నారు.

బుధవారం పొద్దున మొదటి రైలుకు వాడు వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడట. సంచి అక్కడే పడేసి, ముగ్గురు ఆడవాళ్ళను రెక్క పట్టి బయటికి ఈడ్చాడు. తర్వాత ఒక దుంగ భుజాన పెట్టుకుని, అడుగున నిలబెట్టడానికి లోపలికి పోయాడు.

ఆరోకియమేరి తన రెక్క చూపించింది. అక్కడ ఏమీ లేదు, మచ్చ మానిపోయింది. అయినా చాలాసేపు చూశాను.

ఆడి 25, శుక్రవారం

నేనే రాశాను.

కార్డు ఇదిగో నా ముందర ఉంది. నా రాత పంక్తి వంకర తిరిగిపోయి ఉంది. "చిరంజీవి తిరువేంగడానికి అమ్మ రాయడం. నాయనకు నడుము పట్టింది. పడుగు ఎండిపోతా ఉండాది. చూసినవెంటనే బయలుదేరి రా. రాకుంటే నేను చచ్చినంత ఒట్టు."

ఈయనకు తెలియదు. ఈయన నడుము పట్టి పడుకుని కూడా, వాణ్ణి పిలవొద్దు, కాంచన మొగుడు వస్తాడు, ఎదురింటోళ్ళు వస్తారు, పడుగు పట్టుకోనీకే నలుగురు దొరక్కపోరు, అన్నాడు. సరే అన్నాను. అని, నీళ్ళకు పోతున్నట్టు పోయి కార్డు వేసి వచ్చాను. వాడు వాకిట్లోకి వచ్చి నిలబడినప్పుడు, నోరు మూసుకో, నువ్వే వచ్చినట్టు ఉండు అన్నాను. వాడు నవ్వి, సరే అమ్మా, అన్నాడు. నాయనతో అట్లాగే చెప్పాడు. ఆ అబద్ధం మోసుకునే పోయాడు.

వాడి పని నాకు పని అనిపించలేదు. చెట్టంత కొడుకు పొద్దున్నుంచి సాయంత్రందాకా ఒకచోట నిలబడి చూస్తూ ఉంటాడట. నా మగ్గం పక్కన ఎవరైనా నిలబడతారా? నూలు తూచి ఇస్తారు, బట్ట తూచి తీసుకుంటారు. తప్పు ఉంటే వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తారు. కులపెద్దలు కూడా మొదట ఇట్లాగే అన్నారు, ఇటుక లెక్క చూసి ఇద్దాం, చావడి అయినాక పోయి చూద్దాం అని. వీడే వాదించాడు. నాతో కూడా అన్నాడు, అన్నం తింటూ:

"గుడ్డలో తప్పుంటే విప్పి చూడొచ్చు అమ్మా. గోడకు పూత పూసేసినాక లోపల ఏముండాదో యాడ చూస్తావు? లోపలిది లోపల ఉండంగానే చూడాల."

నాకు ఎక్కలేదు. ఎక్కలేదని కూడా కాదు. పడుగు వీధి పొడుగునా చాచి గంజి పెట్టినప్పుడు, అది ఆరేలోగా కుంచె తోలాలి, పోగుపోగు విడిపోవాలి, ఒక్క గడియ కన్ను పక్కకు పోతే పడుగు అట్ట కట్టుకుపోతుంది. అది నాకు తెలుసు. దాని కోసమే గదా వాణ్ణి పిలిచాను. నూలుకు తడి ఆరే వేళ చూసుకోవాలని తెలిసినదానికి సున్నానికీ అదే వేళ ఉంటుందని తెలియలేదు.

ఇంకొకటి ఉంది. పడుగు రెండు రోజుల్లో అయిపోయింది. సోమవారం సాయంత్రమే వాడు బండికి సిద్ధమయ్యాడు. నేనే ఆపాను. మంగళవారం ఉండిపో, వంకాయ కూర చేస్తాను, అన్నాను. నూనె పట్టించాను. తల రుద్దాను. మధ్యాహ్నం చాప మీద పడుకుని నిద్రపోయాడు, నేను పక్కన కూర్చుని చూసుకున్నాను.

ఆ వేళకే అక్కడ ఊతం తీస్తున్నారు.

ఆవణి 3, ఆదివారం

ఈయనతో చెప్పాలని అన్నం పెట్టేటప్పుడు దగ్గర కూర్చున్నాను. ఆయన తిరువేంగడం కంచం బోర్లించి ఉండడం చూసి, అది అటక మీద పడెయ్, కనపడకుండా పెట్టు, అన్నాడు. కంచం తీసుకుని లేచిపోయాను.

ఆవణి 11, సోమవారం

చెప్పలేదు.

ఆవణి 19, మంగళవారం

ఒక దారి ఉంది. కార్డు పొయ్యిలో వేసేయవచ్చు. ఆరోకియమేరి ఎక్కడో వేలూరులో ఉంది, సున్నం మోసే మనిషి మాట కులంలో ఎవరూ వినరు. జానకిరామన్ అన్న తనంతట తాను చెప్పడు. కులం పుస్తకంలో రాస్తే చెడేది వాడి పేరే, పోయినవాడికి ఏం తెలుస్తుంది అనుకున్నాను. ఇంతవరకు రాసి చదువుకున్నాను. వాడి చేతి కొలతలు ముందు పేజీల్లో ఉన్న పుస్తకంలో నేను ఈ మాట రాశాను.

ఆవణి 27, బుధవారం, అమావాస్య

పోయాను.

ఆడవాళ్ళు కులం మండపంలోకి పోరు. కొంగు నెత్తిన వేసుకుని, చెప్పకుండా, మెట్లెక్కాను. అరవై మంది మగవాళ్ళు ఉన్నారు. పుస్తకం రాసే మునిరాజ్ అప్పటికే కలం తీసుకున్నాడు. ఈయన స్తంభం పక్కన కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు, పిచ్చి పట్టిందనుకున్నాడేమో.

"ఏమమ్మా రాజాంబాళ్," అన్నాడు జానకిరామన్ అన్న. "ఇంటికి పోమ్మా. బాధలో ఉండావు."

"ఉండాను అన్నా. ఇది చదివి పోతాను."

కార్డు చదివాను. నా రాతే నాకు అడ్డం పడింది, రెండుసార్లు ఆగాను. ఒట్టు అన్న మాట కూడా వదలకుండా చదివాను. చదివి, ఇది రాసినది నేను, మా ఇంటాయన వద్దంటే దొంగతనంగా వేసినాను, వాడంతట వాడు రాలేదు, సోమవారం పోతానంటే కూడా నేనే పోనీలేదు, అని చెప్పాను.

వెనక నుంచి ఎవరో అన్నారు, ఆ గీతల్లో ఏముండాదో మనకెట్లా తెలుస్తుంది, తల్లి గదా, ఏమైనా చదువుతుంది, అని. కొందరు నవ్వారు కూడా.

"చదవగలిగినోడు ఇంకొకడు ఉండె," అన్నాను. "ఇప్పుడు మీరు రాస్తా ఉండేది వాడి పేరే."

జానకిరామన్ అన్న వైపు తిరిగాను.

"అన్నా, శనివారం ఈ కార్డు నీకు చూపించినాడా లేదా?"

కండువా సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు. అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"చూపించినాడు. పొమ్మన్నాను."

"ఊతం ముట్టొద్దన్నాడా?"

"పనిలో ఉండేటప్పుడు పిల్లోళ్ళు ఎన్నో చెప్తారు. అన్నీ యాడ పెట్టుకునేది తలలో."

అంతకంటే ఎక్కువ చెప్పించలేకపోయాను. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. చివరికి మునిరాజ్ రాసినది గట్టిగా చదివాడు. చావడి పని చూసే పిల్లవాణ్ణి అప్పాసామి భార్య ఇంటికి పిలిపించుకున్నందువల్ల కమాను కూలినది, పిల్లవాడి మీద తప్పు లేదు.

సరే అన్నాను. ఊతం తీయమన్నవాళ్ళ పేరు కూడా రాయండి, అన్నాను.

పుస్తకం మూసేశారు.

ఆవణి 28, గురువారం

ఈయన ఇంటికి వచ్చి అరుగు మీదే పడుకున్నాడు. పొద్దున లోపలికి వచ్చి నా ముందర నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"రెండు నెలలు వాణ్ణి తిట్టినాను," అన్నాడు. "నువ్వు పక్కనే ఉండి వింటా ఉన్నావు."

అంతే. అటక మీద నుంచి కంచం దించి కడిగి, మునుపున్న చోటే పెట్టాడు.

పురట్టాసి 6, శనివారం

కమాను మళ్ళీ కడతారట. ఎవరు పోయి నిలబడేది అన్నప్పుడు ఒక్కొక్కడికి ఒక్కొక్క పడుగు గుర్తుకొచ్చింది. అవసరం లేదులే, ఈసారి మేస్త్రి జాగ్రత్తగానే ఉంటాడు అన్నారు. నేను పోతానని కాంచన మొగుడి చేత చెప్పించాను. వీధి నవ్వింది. ఆడది పోయి తాపీ పనికి కాపలా కాస్తుందట. జానకిరామన్ అన్న మాత్రం నవ్వలేదు, వద్దనీ అనలేదు. ఈయన నా మూట రైలు దాకా మోశాడు.

పురట్టాసి 17, బుధవారం, వేలూరు

పంకజం ఇంట్లో ఉంటున్నాను. పొద్దున్నే పోతాను, గోడ నీడలో పీట వేసుకుంటాను.

మళ్ళీ రాజమాణిక్యం మేస్త్రినే పిలిచారు. ఆ చోట తాపీ పట్టడానికి వేరేవాళ్ళు రామన్నారు. మొదటి రోజు అతను నా ముఖం చూడలేదు. నేనూ అతన్ని చంపేయాలన్నట్టు చూశాను. పది రోజులు చూశాక నాకు తెలిసింది, అతను దొంగ కాడు. ఇటుక నాలుగు గంటలు నీళ్ళలో నానాలని నాకంటే అతనికి బాగా తెలుసు. నేను లేచి మంచినీళ్ళకు పోతే మాత్రం నానని ఇటుక గోడకెక్కుతుంది. తిరిగి వస్తే మళ్ళీ నానినదే ఎక్కుతుంది. నిన్న మేస్త్రిని అడిగేశాను, తెలిసి కూడా ఎందుకట్లా అని.

"అందరూ తొందర పెట్టేవాళ్ళేనమ్మా. ఆపమనేవాడు ఒక్కడన్నా పక్కన ఉంటే మాకు ధైర్యం. మీ అబ్బాయి ఉండేటప్పుడు పెద్దాయనకు నేను వద్దని చెప్పగలిగేవాణ్ణి."

ఆ తర్వాత అతని మీద కోపం పెట్టుకోవడానికి ప్రయత్నించాను. నిలవలేదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసు, నా మీదే పెట్టుకున్నాను.

పురట్టాసి 25, గురువారం

గానుగలో సున్నం ఇవాళ సరిగా నలగలేదు. మళ్ళీ తిప్పమన్నాను. ఎద్దులవాడు గొణిగాడు. తిప్పాడు.

ఐప్పసి 9, శుక్రవారం

కమాను నడి ఇటుక పెట్టారు. ఊతం మీద కూర్చుంది. వాన పట్టుకుంది. ఆరోకియమేరి, నేను తాటాకులు కప్పాము.

ఐప్పసి 21, బుధవారం

వాన. వాన. సున్నం ఆరే వాన కాదు. ఈయన లుంగీలు అమ్ముకోవడానికి వచ్చి చావడి దగ్గర కాసేపు కూర్చున్నాడు. కమానును కింది నుంచి పైకి చూశాడు. ఇదేనా, అన్నాడు. ఇదే, అన్నాను. పోయేటప్పుడు వాడి ఇనుప గుండు నా ఒళ్ళో పెట్టి పోయాడు.

కార్తిక 3, సోమవారం

జానకిరామన్ అన్న వచ్చాడు. జట్కా దిగుతూనే ముహూర్తం చెప్పాడు. శుక్రవారం. ఈ నెలలో ఇంకొక ముహూర్తం లేదు, మార్గళి పుడితే మళ్ళీ నెల పోతుంది, చావడి లేక మనవాళ్ళు వానలో అంగళ్ళ కింద పడుకుంటున్నారు, అదీ నిజమే. ఊతం ఇవాళ తీసేస్తే రేపటికి సున్నం కొట్టవచ్చు అన్నాడు. మేస్త్రి నా వైపు చూశాడు. ఇంకా ఎన్నాళ్ళు కావాలి అని అతన్ని అడిగాను. ఈ వానకు పదిహేను దినాలన్నా ఉండాలమ్మా, అన్నాడు.

"మూడు వారాలు దాటె గదమ్మా," అన్నాడు జానకిరామన్ అన్న. "చూడు, రాయి మాదిరి ఉండాది. నువ్వు భయపడతా ఉండావు, దాంట్లో తప్పు లేదు. కానీ భయం పెట్టుకుంటే పని యాడ జరుగుతుంది?"

ఆయన గొంతులో కోపం లేదు. ఊతం తీయమన్న ఆ రోజు కూడా లేకుండానే ఉండి ఉంటుంది.

నేను పీట మీద నుంచి లేచాను.

"తీయిస్తాను అన్నా. ఇప్పుడే తీయిస్తాను. తీసేదాకా నువ్వు ఇట్లా వచ్చి దీని కింద నిలబడు."

నవ్వాడు. తనొక్కడే నవ్వానని తెలిసి ఆపేశాడు. ఎద్దులవాడు గానుగ ఆపాడు. ఆరోకియమేరి తట్ట దించింది. జానకిరామన్ అన్న రెండు అడుగులు ముందుకు వేశాడు, కమాను నీడ మొదలయ్యే చోటుదాకా. తల ఎత్తి చూశాడు. ఒక్కొక్క ఇటుకా చూశాడు. అంత జాగ్రత్తగా ఆయన దాన్ని చూడడం అదే మొదటిసారి అనుకుంటాను. నేను తొందర పెట్టలేదు.

"మార్గళి పోనీమ్మా," అన్నాడు చివరికి. "తై నెలలో పెట్టుకుందాం."

జట్కా ఎక్కి పోయాడు. మేస్త్రి మళ్ళీ తాపీ తీసుకున్నాడు. ఊతం ఉన్నచోటే ఉంది.

ఇంతే పని. ఒక మనిషి అక్కడ ఉండి ఒక్క మాట అనడం. మంగళవారం మధ్యాహ్నం తిరువేంగడం అక్కడ ఉండి ఉంటే వాడూ ఇదే అనేవాడు. జానకిరామన్ అన్న ఇట్లాగే తల ఎత్తి చూసి, ఇట్లాగే తిరిగి పోయేవాడు. వాడైతే నాకంటే మర్యాదగా అనేవాడు.